వినే చెవి సరే, సంతకం చేసే చెయ్యేదీ?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగకుండా, జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ విషయంలో చట్టం వచ్చేదాకా వాటినే పాటించాలి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత కలిగిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరు ఉండాలన్నది వాటిలో అందరి కంటా పడిన మాట. కనీసం ఒక్కరు అంటే ఒక్కరు చాలు అని చదువుకోవడం మన యాజమాన్యాలకు తెలియని విద్యేమీ కాదు. ఆ ఒక్కరికి ఒక గది, గదికి ఒక బోర్డు, ప్రారంభోత్సవానికి ఒక రిబ్బను దొరికితే క్యాంపస్‌లో విద్యార్థి సహాయం అనే పని పూర్తయినట్టే లెక్క. తీర్పు ఉద్దేశం అది కాదు. కౌన్సెలర్ అక్కర్లేదని కూడా నేననను. కష్టం విని, ఆ కష్టానికి కారణమైన కాగితం మీద సంతకం చేయించలేని సహాయ కేంద్రం సగం కేంద్రమేనని, మన విశ్వవిద్యాలయాలు ఆ సగం దగ్గరే ఆగిపోతున్నాయని నా వాదన.

ఆ గదిలోకి వచ్చే విద్యార్థి ఏం మోసుకొస్తాడో చూద్దాం. నిద్ర పట్టడం లేదంటాడు, చదువు మీద మనసు నిలవడం లేదంటాడు. ఎందుకని అడిగితే, చాలాసార్లు కథ ఒక ఆఫీసు కిటికీ దగ్గర తేలుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ విడుదల కాలేదు, కాలేజీ హాల్ టికెట్ ఆపింది. కోర్సు అయిపోయింది, నో డ్యూస్ రాలేదు, టీసీ ఇవ్వలేదు, వచ్చిన ఉద్యోగానికి ఒరిజినల్స్ చూపించాలి. మెస్ బిల్లు పేరుకుపోయింది, గది ఖాళీ చేయమన్నారు. ఈ వరుసలో విద్యార్థి తప్పు ఎక్కడుంది? బాకీ పడింది ప్రభుత్వం, నష్టపోయింది యాజమాన్యం, జమానతుగా దొరికింది మాత్రం విద్యార్థి సర్టిఫికెట్లు. తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఈ బకాయిల కోసమే 2025లో సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి బంద్‌కు పిలుపునిచ్చాయి. నవంబరులో కొద్ది రోజులు కాలేజీలు మూతపడ్డాయి కూడా. ఆంధ్రప్రదేశ్‌లో ఆ డబ్బును ఒక ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసింది, తర్వాత వచ్చిన ప్రభుత్వం మళ్లీ కాలేజీ ఖాతా దారి పట్టింది. ఖాతా ఎవరిదైనా జమ ఆలస్యమైనప్పుడు కౌంటర్ ముందు నిలబడేది మాత్రం ఆ పిల్లవాడే. అతణ్ని కూర్చోబెట్టి దీర్ఘంగా ఊపిరి పీల్చి వదలమంటే ఆ పూటకు కొంత ఊరట రావచ్చు. మర్నాడు పొద్దున కౌంటర్ తెరిచే వేళకు గుండె దడ మళ్లీ మొదలవుతుంది.

తిండి సంగతీ ఇంతే. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి మెస్ ఛార్జీ నెలకు 1,500 రూపాయలుగా చాలా ఏళ్లు నడిచింది. అంటే మూడు పూటలకు రోజుకు యాభై రూపాయలు. 2024 చివర్లో 40 శాతం పెంచి 2,100 చేశారు. ఇప్పుడది రోజుకు డెబ్బై. పెంచడం మంచి పనే, కాదనను. ఆ డెబ్బైతో టిఫినూ రెండు పూటల భోజనమూ పెట్టే హోటల్ హైదరాబాద్‌లో ఎక్కడుందో ఆ జీవో రాసినవారే చెప్పాలి.

విద్యార్థులకు ఏం కావాలో వాళ్లే నోరు తెరిచి చెప్పిన సందర్భం ఒకటుంది. పదో తరగతి మార్కులతో పల్లెల పిల్లలను తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజనీరింగ్ చదివించే బాసర ట్రిపుల్ ఐటీలో, 2022 జూన్‌లో వేలాదిమంది వానలో తడుస్తూ దాదాపు వారం రోజులు బైఠాయించారు. వాళ్ల డిమాండ్లు పన్నెండు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, సరిపడా అధ్యాపకులు కావాలి, మెస్ బాగుపడాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి. పదిహేను, పదహారేళ్లకే ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు అడిగినవి ఇవి. మానసిక ఒత్తిడి అనే మాటను ఈ జాబితాకు అనువాదంగా చదవాలి. అధ్యాపకుడు లేని సబ్జెక్టు బ్యాక్‌లాగ్ అవుతుంది, బ్యాక్‌లాగ్ ఇంట్లో చెప్పుకోలేని రహస్యమవుతుంది. ఆ రహస్యంతోనే కౌన్సెలర్ గది దాకా రావాలి. రెండు రాష్ట్రాల్లోనూ పేరున్న విశ్వవిద్యాలయాల్లో సైతం అధ్యాపక పోస్టులు పెద్ద సంఖ్యలో ఖాళీగా ఉన్న సంగతి తెలిసిందే. ఒకప్పుడు అటెండెన్స్ పట్టీలో పేరు పిలుస్తూనే ఫలానా అమ్మాయి వారంగా రావడం లేదని గమనించే లెక్చరర్ ఉండేవారు. ఇప్పుడు ఆ గమనింపు బయోమెట్రిక్ యంత్రానిది. యంత్రం హాజరు శాతం లెక్కగట్టి డిటెయిన్ చేస్తుంది, ఎందుకు రాలేదని మాత్రం అడగదు.

సుప్రీంకోర్టే ఈ దారిలో ఇంకో అడుగు వేసింది. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మరణాలను పరిశీలించడానికి 2025 మార్చిలో మరో ధర్మాసనం మాజీ న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఆ కార్యదళం మధ్యంతర నివేదిక అందాక 2026 జనవరిలో కోర్టు ఇచ్చిన ఆదేశాల్లో డబ్బు, ఖాళీల ప్రస్తావన ముందుకొచ్చింది. బోధన, బోధనేతర ఖాళీలను నాలుగు నెలల్లో నింపాలి, స్కాలర్‌షిప్ బకాయిలు తీర్చాలి, ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేసిందన్న కారణంతో ఏ విద్యార్థినీ పరీక్షకు రానివ్వకపోవడం, హాస్టల్ నుంచి పంపేయడం, మార్కుల మెమో ఆపడం చేయకూడదని చెప్పింది. విద్యార్థి కుంగుబాటుకూ గుమాస్తా టేబుల్‌కూ ఉన్న చుట్టరికాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం ఇంత సూటిగా పట్టుకోవడం గొప్ప విషయం. అమలు ఎవరు చూడాలన్నదే ఇక మిగిలింది. మెమో ఆపితే పిల్లవాడు ఢిల్లీ వెళ్లి పిటిషన్ వేయలేడు. క్యాంపస్‌లోనే ఎవరో ఒకరు ఆ ఆదేశం ప్రతి పట్టుకుని పరీక్షల విభాగానికి అతని వెంట నడవాలి.

ఇక్కడ పెద్దవాళ్ల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. మా కాలంలో ఈ కౌన్సెలర్లూ సెల్లులూ ఉన్నాయా, మేం చదువుకోలేదా అని. సెల్లులు లేవు నిజమే, సహాయం లేదనడం మాత్రం నిజం కాదు. వారాలు చేసుకుని చదువుకోవడమంటే ఏమిటి? సోమవారం ఒక ఇంట, మంగళవారం ఇంకో ఇంట భోజనం కుదుర్చుకుని ఊరు ఊరంతా కలిసి ఒక కుర్రవాణ్ని చదివించడమే కదా. పూటకూళ్ల ఇల్లు నడిపిన తల్లి కొడుకు టంగుటూరి ప్రకాశం చదువులో ముందుకు పోవడానికి హనుమంతరావు నాయుడనే మాస్టారు పట్టిన చెయ్యి అందరికీ తెలిసిన కథ. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ కూడా పుట్టింది. సురవరం ప్రతాపరెడ్డి వంటి మనిషి దాని బాధ్యతలు చూశారు. గది, అన్నం, పుస్తకం, అవసరానికి ఒక మాట సాయం చేయగల పెద్దమనిషి, ఇవన్నీ ఒక్క కప్పు కింద దొరికేవి. ఈనాటి భాషలో స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్ అంటే అచ్చంగా అదే. కాకపోతే వారాల ఇళ్ల గడపలు అందరికీ తెరుచుకోలేదు. హాస్టళ్లకు కులం పేర్లే ఉండేవి. ఏ గడపా తెరుచుకోని వారి పిల్లలు ఇప్పుడు విశ్వవిద్యాలయాల దాకా వచ్చారు. దేశంలో ఉన్నత విద్యలో ఉన్నవారు 2021-22 నాటికి 4.33 కోట్లు. వాళ్లలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టు ఎక్కుతున్నవారికి మేనమామ సిఫారసు ఉండదు, సెక్షన్ సూపరింటెండెంట్‌ను ఎలా పలకరించాలో చెప్పే అన్న ఉండడు. వెనకటి తరానికి కులమూ ఊరూ ఇచ్చిన అండను ఈ తరానికి సంస్థ ఇవ్వాలి. అది గారాబం ఎలా అవుతుంది?

రెండో అభ్యంతరం నమ్మకానికి సంబంధించినది. కేంద్రం పెట్టినా పిల్లలు రారు, ఖాళీగా ఉంటుంది అంటారు. రాకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. కౌన్సెలర్ జీతం ఇచ్చేది ప్రిన్సిపాల్, క్రమశిక్షణ కమిటీ అధ్యక్షుడూ ఆయనే. గదిలో చెప్పిన మాట సాయంత్రానికి వార్డెన్‌కు, రాత్రికి ఇంటికి ఫోన్ రూపంలో చేరదని హామీ ఎవరిస్తారు? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని స్పష్టంగా చెబుతోంది. మన కాలేజీల్లో మాత్రం తల్లిదండ్రులకు చెప్పడమే బాధ్యత అనే అలవాటు పాతుకుపోయింది. ఆడపిల్లల విషయంలో ఆ ఫోను చదువుకే ముగింపు కావచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంటివాళ్లకు చెప్పడం వేరు, సందేహం లేదు. మిగతా వేళల్లో సహాయ కేంద్రం క్రమశిక్షణ కమిటీకి పూర్తిగా వేరుగా, వైస్ ఛాన్సలర్‌కు నేరుగా జవాబుదారీగా ఉంటే తప్ప ఆ తలుపు తట్టేవారు ఉండరు.

ఖర్చు మాటా వస్తుంది. జీతాలకే దిక్కులేని యూనివర్సిటీలు ఇంకో విభాగం ఎక్కడ పెడతాయని. చాలా వనరులు ప్రహరీ బయట ఇప్పటికే ఉన్నాయి, వాటి ఖర్చు ప్రజలు ఇప్పటికే భరిస్తున్నారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో ఉచిత వైద్యానికి 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్ దొరుకుతారు. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీకి నోటీసు పంపడానికి ఒక్కోసారి అది చాలు. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ క్యాంటీన్లు అయిదు రూపాయలకు భోజనం పెడుతున్నాయి. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు 1993లోనే తోటివారి కోసం క్యాంపస్ ఫుడ్ బ్యాంక్ మొదలుపెట్టారు. అలాంటివి ఇవాళ అక్కడ అనేక క్యాంపస్‌లలో ఉన్నాయి, మన పిల్లలు ఎంతోమంది చదువుతున్న చోట్ల కూడా. తిండి సమస్యను సంస్థ తన సమస్యగా ఒప్పుకోవడంలో పరువు తక్కువేమీ లేదని అక్కడివారికి ఎప్పుడో అర్థమైంది.

ఇన్ని ఉన్నా కొత్తగా వచ్చిన విద్యార్థికి ఏది ఎక్కడుందో చెప్పేవారు లేరు. యూజీసీ 2023 మార్గదర్శకాల్లో ప్రతి సంస్థలో విద్యార్థి సేవా కేంద్రం ఉండాలని ఉంది, అదే ఏడాది ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో అంబుడ్స్‌పర్సన్ ఉండాలనీ ఉంది. ఈ రెంటినీ కలిపి ఒకే బల్ల వేయవచ్చు. దాని వెనక కౌన్సెలర్‌తో పాటు ఫీజులు, హాస్టల్, పరీక్షల విభాగాల ఫైళ్లు తెలిసిన ఒక డిప్యూటీ రిజిస్ట్రార్ స్థాయి అధికారి కూర్చోవాలి. స్కాలర్‌షిప్ రావాల్సి ఉందని ఈపాస్ పోర్టల్‌లోనో జ్ఞానభూమి పోర్టల్‌లోనో కనిపిస్తే చాలు, హాల్ టికెట్, మెమో, మెస్ కార్డు అదే రోజు ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉండాలి. దుర్వినియోగం జరుగుతుందంటారేమో. పోర్టల్‌లో పేరు లేనివాడు ఉత్తుత్తి బాకీ చూపించలేడు. వచ్చిన ప్రతి అర్జీకి తేదీ, పరిష్కారమైన రోజు, ఆపిన సెక్షన్ పేరు రిజిస్టర్‌లో రాసి, విద్యార్థి పేరు తీసేసి, నెలకోసారి నోటీసు బోర్డులో అంటిస్తే ఏ బల్ల మీద ఎన్ని ఫైళ్లు నిద్రపోతున్నాయో క్యాంపస్ మొత్తానికి తెలుస్తుంది. నియామకాలకు కోర్టు పెట్టిన గడువులు ఎటూ తప్పించుకోలేనివే. ఈ బల్లకు మాత్రం కొత్త పోస్టు మంజూరు అక్కర్లేదు, ఉన్న అధికారుల్లో ఒకరిని కూర్చోబెడుతూ వైస్ ఛాన్సలర్ ఒక ఉత్తర్వు ఇస్తే అడ్మిషన్ల నాటికే మొదలుపెట్టవచ్చు.