ఎంపీ4 అయితే ప్లే అవ్వాలని రూలేం లేదు

మా అమ్మమ్మకి స్మార్ట్ టీవీ రిమోట్ అంటే కంగారు. పాత డీవీడీ ప్లేయర్ మాత్రం తనే ఆన్ చేసుకుంటుంది. తాతయ్య పోయాక, ఆయన సహస్ర చంద్ర దర్శనం రోజు నేను ఫోన్‌లో తీసిన గంట వీడియో డిస్క్‌లో వేసివ్వమంది. బీటెక్ చదివాం కదా, పది నిమిషాల పని అనుకున్నా. మూడు డిస్కులు తగలేశాను.

మొదటిసారి ఎంపీ4 ఫైల్‌ని అలాగే బర్న్ చేశా. ప్లేయర్ పట్టించుకోలేదు. ఎంపీ4 అనేది డబ్బా మాత్రమే, లోపల ఉన్నది హెచ్ఈవీసీ. డీవీడీ వీడియోకి కావాల్సింది ఎంపెగ్-2. మన దగ్గర పాల్ కాబట్టి 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్.

రెండోది అసలు ఏడిపించింది. ఏదో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేశా. మొదట్లో బాగానే ఉంది, చివరికొచ్చేసరికి తాతయ్య పెదాలు ముందు కదులుతున్నాయి, గొంతు తర్వాత వస్తోంది. అమ్మమ్మ ఏమీ అనలేదు, ఆపేసింది. కారణం వేరియబుల్ ఫ్రేమ్ రేట్. వెలుతురుని బట్టి, వేడిని బట్టి ఫోన్ ఫ్రేములు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. కన్వర్టర్ అది చూసుకోకుండా ఒకటే స్పీడ్ అనుకుంటే ఆడియో జారిపోతుంది.

మూడోదానికి అత్యాశకి పోయి బిట్‌రేట్ గరిష్ఠంగా, అంటే 9.8 ఎంబీపీఎస్ పెట్టా. బర్న్ చేసిన చవక డిస్క్ అంత వేగం తట్టుకోలేక ఆగి ఆగి ఆడింది. 6 చాలు. (రెండు గంటల వీడియో అయితే 4.7 జీబీలో ఆడియోతో కలిపి 5 దాకానే వస్తుంది.)

చివరికి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో టార్గెట్ 'పాల్-డీవీడీ' అనిస్తే కోడెక్, సైజు, ఫ్రేమ్ రేట్ అన్నీ అదే చూసుకుంది. తర్వాత డీవీడీస్టైలర్‌తో డిస్క్ తయారు చేశా. ఒరిజినల్ ఫైల్ నుంచి ఒక్కసారే కన్వర్ట్ చేయండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ ముట్టుకోకండి.

నా కోపం హెచ్ఈవీసీ మీద కాదు, స్టోరేజ్ సగం దాకా ఆదా చేస్తుంది. కోపం మన రివ్యూల మీద. 4కే 60 అని ఊదరగొడతాం. ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉంటుందా, కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్.264కి మారే ఆప్షన్ ఎక్కడ దాచారు అని ఒక్క లైన్ రాయం. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చుగా అంటారేమో, పాత టీవీకి పెట్టినా ఇదే కోడెక్ గొడవ.

నాలుగో డిస్క్ ఆడింది. అమ్మమ్మ పూర్తిగా చూసి, "ఈ మెనూ ఎందుకురా, పెట్టగానే మొదలవ్వాలి" అంది. అయిదోది బర్న్ అవుతోంది.