రంగు చాలు, నిప్పు రాజెయ్యండి

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఫోనులో ఇంగ్లీషుతో పెరిగిన బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పాత ఆవిరి ఇంజన్ల మీద మీకు కొత్తగా మోజు పుట్టినట్టుంది. సంతోషం. మైసూరు రైలు మ్యూజియానికి పోతారు. 1979లో ఆ మ్యూజియం పెట్టారు. అక్కడి ఇంజన్ మీద చెయ్యి ఆనించి ఫొటో దిగుతారు, దానికొక పాత సినిమా పాట తగిలించి స్టేటస్ పెడతారు, మర్నాటికి మరిచిపోతారు. మీ నిట్టూర్పులతో ఆ ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు. దానికి నీళ్ళు కావాలి, నిప్పు కావాలి, మసి అంటితే జంకని చేతులు కావాలి.

మన ఊళ్ళకూ ఒక చిన్న రైలు ఉండేది. ఇప్పుడు బంగారపేట అంటున్న బౌరింగ్‌పేట నుంచి కోలారుకు 1913లో, యలహంక నుంచి చిక్కబళ్ళాపురానికి 1915లో ఆ బండి మొదలైంది. తర్వాత చింతామణి, శిడ్లఘట్టల మీదుగా రెండు వైపులా కలిసిపోయాయి. పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడం, అంతే. అప్పుడు మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టి, మన చిక్కబళ్ళాపురం బడిలోనే అక్షరాలు దిద్దిన తెలుగింటి పిల్లవాడు. దిగి నడిచినా ఆ బండిని అందుకోవచ్చని తాతలు నవ్వుతూ చెప్తారు. (ఈ దేశంలో ప్రతి చిన్న రైలు మీదా ఇదే హాస్యం ఉంది, మనది ప్రత్యేకమేమీ కాదు.) బాగేపల్లికి ఆ బండీ రాలేదు, ఈనాటికీ ఏ బండీ రాలేదు. బాగేపల్లి మీదుగా పోవాల్సిన పుట్టపర్తి లైను కాగితాల మీదే పరుగెత్తుతోంది.

ఆ చిన్న పట్టాలు పోయినందుకు నేను ఏడవను. చిక్కబళ్ళాపురం, కోలారు మధ్య 2013లో బ్రాడ్‌గేజ్ వచ్చింది. బెంగళూరు నుంచి నంది హాల్ట్ మీదుగా చిక్కబళ్ళాపురం దాకా ఇప్పుడు కరెంటు మెమూ నడుస్తోంది. ఆస్పత్రికి పోయే ముసలమ్మకు, మార్కెట్టుకు కూరగాయలు వేసుకుపోయే రైతుకు ఆవిరి బండి కంటే మెమూ నయం. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. నా బాధ వేరే. దాచిపెట్టామని చెప్పుకునే ఇంజన్లను మనం నిజంగా దాచలేదు, రంగు పూసి ఎండకూ వానకూ వదిలేశాం.

నిలబెట్టిన ఇంజన్ ఎలా చస్తుందో దగ్గరికి పోయి చూడండి. పొగగొట్టం లోంచి వాన దిగుతుంది. స్మోక్‌బాక్సులో మిగిలిన బూడిద తడిసి ఇనుమును తినేస్తుంది. బాయిలర్ లోపలి గొట్టాలు పలచబడతాయి. నూనె లేక బేరింగులు పట్టేస్తాయి. ఇత్తడి, రాగి సామాను ఒక్కొక్కటే మాయమవుతుంది. పైన మాత్రం ఏడాదికోసారి నల్లరంగు, ఎర్రగీతలు. అలాంటి బాయిలర్‌కు మళ్ళీ నిప్పు పెట్టాలంటే గొట్టాలన్నీ ఊడబీకి కొత్తవి వెయ్యాలి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో చన్నీళ్ళు పట్టించి ఎక్కడా కారడం లేదని తేల్చుకోవాలి. పండగనాడు జెండా ఊపి ముగించే పని కాదు ఇది. విహారయాత్రల ఆవిరి బండ్లు చాలాచోట్ల ఆగిపోవడానికి కారణం జనం లేకపోవడం కాదు. టిక్కెట్టు కొనేవాళ్ళు వస్తారు, బాయిలర్ బాగుచేసేవాళ్ళు దొరకరు.

చెయ్యాలనుకుంటే అవుతుందా? 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ 1909లో పని మానేసింది. ఎనభై ఎనిమిదేళ్ళ తర్వాత, 1997లో, ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు పర్యాటకులను లాక్కుపోయింది. నడుస్తున్న ఇంజన్లలో అన్నిటికంటే పాతదని మరుసటేడు గిన్నిస్‌కు ఎక్కింది. దాని ఈడుదే ఇంకో ఇంజన్, ఈఐఆర్ 21, వందేళ్ళకు పైగా బొమ్మలా నిలబడి ఉంటే మద్రాసు పెరంబూరు కార్మికులు 2010లో దానికి ప్రాణం పోశారు. నీలగిరి రైలు కోసం తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్లు సరికొత్తగా తయారయ్యాయి. అంటే విద్య చావలేదు. మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోనే ఉంది.

సర్కారు చేస్తే సరే, మామూలు జనం చెయ్యగలరా అంటారు మీరు. వేల్స్‌లో టాలిలిన్ అనే చిన్న రైలు మూతపడబోతుంటే ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులే సెలవు రోజుల్లో వచ్చి పట్టాలు సర్ది, 1951 నుంచి తామే నడిపారు. ఇప్పటికీ నడుస్తోంది. ఇంగ్లండులో ఒక తరగతి ఇంజన్లు నలభై తొమ్మిదీ తుక్కు కింద పోతే, కొందరు 1990లో చందాలు వేసుకుని యాభైయోదాన్ని మొదలుపెట్టారు. 2008లో అది పట్టాలెక్కింది. పేరు టొర్నాడో. పద్దెనిమిదేళ్ళు పట్టింది! మీలో ఎంతమందికి పద్దెనిమిది వారాల ఓపిక ఉంది?

ఆవిరి మనకు కొత్త కాదు. శిడ్లఘట్టకు పోండి. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే రీలింగ్ యూనిట్లలో బేసిన్లకు వేడి ఎక్కడిదో చూడండి. గోడ అవతల ఒక బాయిలర్ ఉంటుంది. దాన్ని చూసుకునే మనిషి గేజ్ గ్లాసు మీంచి కన్ను తిప్పడు. ఇంజన్ మీద ఫైర్‌మన్ చేసిందీ అదే. ఆ గాజు గొట్టంలో నీటి మట్టం పడిపోతే ఫైర్‌బాక్స్ పైరేకు మితిమీరి వేడెక్కుతుంది. అప్పుడు ఆ రేకులో బిగించిన సీసపు బిరడా, అంటే లెడ్ ప్లగ్, కరిగి ఆవిరి నిప్పు మీద పడుతుంది. అదే ఆఖరి హెచ్చరిక. అదీ పనిచెయ్యకపోతే బాయిలర్ పేలుతుంది. ఈ భయభక్తులు పుస్తకంలో చదివితే రావు, పక్కన నిలబడి నేర్చుకోవాలి. మన బోరునీళ్ళు ఎంత గడుసువో మీ ఇంటి బిందె అడుగున పట్టిన తెల్లటి పొర చెప్తుంది. అదే పొర బాయిలర్ గొట్టాలకు పడితే ఏమవుతుందో, దాన్ని ఎలా వదిలించాలో శిడ్లఘట్టలో చెప్పేవాళ్ళున్నారు. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు బాయిలర్ అటెండెంట్ పరీక్ష రాయండి. ఇంజన్ నడిచినా నడవకపోయినా ఆ సర్టిఫికెట్ మీకు కూడు పెడుతుంది. ఆడపిల్లలకు ఇది పనికిరాదనేవాళ్ళుంటే, ఆ రీలింగ్ బేసిన్ల ముందు రోజంతా వేడినీళ్ళలో చేతులు పెట్టేది ఎవరో ఒకసారి చూసి రమ్మనండి.

పెద్ద కలలు కని చల్లారిపోవద్దు. చిన్న పట్టాల ఇంజన్ బ్రాడ్‌గేజ్ మీద నడవదు. కానీ నంది హాల్ట్ లాంటి పాత స్టేషన్ పక్కన అర కిలోమీటరు చిన్న పట్టాలు వేసి, నెలకొక ఆదివారం ఒక ఇంజన్, రెండు పెట్టెలు నడపమని అడగొచ్చు. నంది కొండకు పోయే జనం అటే వస్తున్నారు. నైరుతి రైల్వేకు అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే మళ్ళీ పెట్టండి, మీ ఎమ్మెల్యే చేత పెట్టించండి. అర్జీలో మీ జ్ఞాపకాలు రాయొద్దు, మీరెవరూ ఆ బండి ఎక్కలేదు. పని తెలిసినవాళ్ళు ఇంతమందిమి ఉన్నాం, ఆదివారాలు వస్తాం, జీతం అడగం అని పేర్లతో, సంతకాలతో రాయండి.

ఆ సంతకాల కంటే ముందు ఇంకో పని ఉంది, అది ఆగదు. బొగ్గు ఎలా పరచాలో, వాల్వ్ చప్పుడు విని రోగం ఎలా పట్టాలో తెలిసిన ఫైర్‌మన్లు, ఫిట్టర్లు ముసలివాళ్ళయ్యారు. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద మామూలు ఆవిరి బండ్లు 1995 డిసెంబరుతోనే ఆగిపోయాయి. రైల్వే పింఛను తీసుకుంటున్న తాత మీ వీధిలోనో పక్క ఊళ్ళోనో ఉంటాడు. స్టేటస్‌లు పెట్టే ఆ ఫోనే పట్టుకుని ఈ ఆదివారం ఆయన దగ్గరికి పోండి. ఆయన చెప్పేదంతా రికార్డు చెయ్యండి, అర్థం కానిది మళ్ళీ అడగండి, పక్క ఆదివారం మీ స్నేహితుణ్ణి కూడా తీసుకుపోండి.