నవ్వరాని ఆడది, ఏడ్వరాని మగవాడు

నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదను సామెత తెలుగునాట ఇంటింట వినబడుచుండును. సామెతలలో లోకానుభవము కుదించబడి యుండునందురు. నిజమే గాని, కొన్ని సామెతలలో అనుభవముకంటె శాసనమే యెక్కువ. ఇది అట్టిది. మనస్సులోని ఉల్లాసము పొంగి పైకి వచ్చు ద్వారమును స్త్రీకి మూసి, మనస్సులోని భారము కరిగి వెలికి పోవు ద్వారమును పురుషునకు మూసినారు. పదేండ్ల బాలిక పకపక నవ్వినచో "ఆడపిల్లవు, అంత గట్టిగ నవ్వకు" అని నాయనమ్మ గదుముటయు, దెబ్బ తగిలి ఏడ్చు ఆరేండ్ల వానిని "మొగపోరనివి, ఏడుస్తవారా?" అని మేనమామ యెగతాళి చేయుటయు ఏ యింట జరుగలేదు? ఇట్లు ఇరువది యేండ్లు తర్ఫీదు చేసిన పిమ్మట, ఆమె ఓర్పు స్త్రీస్వభావమనియు అతని బిగువు పురుషస్వభావమనియు మనమే పేర్లు పెట్టి, అవి పుట్టుకతో వచ్చినవని మనమే నమ్ముచున్నాము. పుట్టుకతో వచ్చినదానికి ఇంత కాపలా యెందులకో యెవ్వరును అడుగరు.

సురభివంశపు రాజుల కోటయు, మాధవస్వామి యాలయమును, వేసవి వచ్చెనా లారీలకెక్కు మామిడికాయలును గల మా కొల్లాపురము ఈ విషయమును పరిశీలించుటకు తగిన చోటు. ఒక వంక కృష్ణ, మరియొక వంక నల్లమల. శ్రీశైలము జలాశయము నిండి తీరగ్రామములు మునిగినప్పుడు భూములు పోగొట్టుకొని చెదరినవారును, వాన మొగము చాటువేసిన యేండ్లలో గుంపుమేస్త్రీ వెంట పరరాష్ట్రములకు మట్టిపనికి పోయి "పాలమూరు లేబరు" అని పేరుపడినవారును ఈ సీమవారే. ఆ తట్టలు మోసినవారిలో ఆడువారును గలరు, మగవారును గలరు. కష్టము ఇక్కడ ఉభయులకును పంపకమైనది. దానిని నలుగురిలో చెప్పుకొను చనువు మాత్రము కాలేదు.

పొదుపు సంఘము కూర్చున్నప్పుడు పోయి చూడవలెను. పది పన్నెండు మంది స్త్రీలు ఒక యరుగుమీదనో వేపచెట్టు క్రిందనో చేరి, నడుమ పుస్తకములు పరచుకొని, ఎవరి కిస్తీ యెంత, ఎవరిది ఆగినది, ఏల ఆగినది అని ఒక్కొక్కరిచేత చెప్పింతురు. "మా ఆయన బోరేయించిండక్కా, నీళ్లు పడలే, ఈ నెల నాతోని కాదు" అని యొకతె లేచి చెప్పును. వినినవారిలో ఒకామె విసుగుకొనును, ఒకామె దెప్పును, ఇద్దరు చేబదులిచ్చి ఆ నెల గట్టెక్కింతురు. ఆ దెప్పుడుమాటయు ఒక విధముగా మేలే. అప్పు ఇక రహస్యము కాకపోయెను గదా. ఇప్పుడు ఆ బోరు వేయించిన ఆసామిని చాయహోటలు ముందటి బల్లమీద చూడుడు. "ఎట్లున్నదే అన్నా?" అని యడిగినవానికి ఆయన యిచ్చు సమాధానము: "ఏముంది తమ్మీ, నడుస్తుంది." విత్తనాల దుకాణములో బాకీ యెంతయో, అడ్తిదారువద్ద పంటమీద ఎంత తెచ్చినాడో, నోటు వ్రాసిచ్చిన చోట వడ్డీ ఎన్నింతలైనదో ఆయన కొక్కనికే తెలియును; కట్టుకొన్న యిల్లాలికి తెలిసినచో మగతనమునకు తక్కువయని తలచి, ఆమెకు తెలియనీయడు. వైన్సు దుకాణపు పర్మిటు రూములో మూడవ గ్లాసు పిమ్మట మాత్రమే ఆ నోరు తెరువబడును. తెల్లవారినచో ఆ మాటలను ఎవ్వరును లెక్కలోనికి తీసికొనరు. మగవాని దుఃఖమునకు మన సమాజము అనుమతించిన ఆ యొక్క వేదికమీద సర్కారువారు పన్ను కూడ వసూలు చేయుచున్నారు!

జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్క చొప్పున 2022వ సంవత్సరమున దేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనగా, నూటికి దాదాపు 72 మంది పురుషులు. ఆ మొత్తములో సాగుచేయు రైతులుగా నమోదైన 5,207 మందిలో 4,999 మంది పురుషులు, 208 మంది స్త్రీలు. ఈ రెండవ లెక్కను మాత్రము జాగ్రత్తగా చదువవలెను. పాసుపుస్తకము మగని పేర నుండుటచే, నాటు మొదలు కోత వరకు చేనిలో వంగిన నడుము ఎత్తని యాడుది చనిపోయిన నాడు రైతు అనిపించుకొనక, గృహిణిగానో కూలిగానో కాగితమున కెక్కును. మన తెలంగాణమున 2018లో మొదలైన రైతుబీమాయు పట్టా ఎవరి పేర నున్నదో వారి మరణమునకే అయిదు లక్షలిచ్చు పథకము. ఈ లోపమునకు ఎంత తగ్గింపు ఇచ్చినను, మొదటి లెక్కలోని అంతరము అట్లే నిలుచును. అప్పు ఇంటిల్లిపాదికిని చెందినది. సిగ్గు మాత్రము ఒక్కని నెత్తిమీద పడుచున్నది.

అయినచో, చెప్పుకొనుటకు నలుగురు చెలులున్న స్త్రీ సుఖముగా నున్నదా యని యడుగవచ్చును. లేదనియే నా సమాధానము. సంఘములో ఆమె పేర తెచ్చిన రుణము మగని చేతికి పోవుటయు, కిస్తీ మాత్రము ఆమె మెడకు చుట్టుకొనుటయు మనకు తెలియనిది కాదు. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే, జీతము లేని ఇంటిపనికి స్త్రీ దినమునకు 299 నిమిషములును, ఆ పనిలో చేయి పెట్టు పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నారని తేల్చినది. అంతకంటె బాధాకరమైన సంగతి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కలదు. 2019–21 నాటి ఆ సర్వేలో, ఏదో ఒక కారణమున భార్యను భర్త కొట్టుట న్యాయమేయని తెలంగాణమున నూటికి సుమారు 84 మంది స్త్రీలు చెప్పినారు. ఇట్లు చెప్పిన తల్లిని "సంతోషముగా నున్నావా?" యని యడిగినచో, ఉన్నాననియే చెప్పవచ్చును. చిరకాలము లేమిలో మగ్గినవారు తమ కోరికలనే ఆ లేమికి సరిపడునట్లు కుదించుకొందురని అమర్త్యసేను హెచ్చరించినది ఇట్టి సమాధానములను గూర్చియే. కావున సంతోషము వ్యక్తిగతమైన సంగతి, దానిలో సంస్కృతికి పనిలేదు అనువారి మాట నాకు రుచింపదు. ఎంత దొరకిన చాలునో ముందుగా మన చెవిలో ఊదినది ఆ సంస్కృతియే.

1974లో సాండ్రా బెమ్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞురాలు స్త్రీపురుష గుణములను కొలుచుటకు ఒక పట్టికను ప్రకటించినది. అందు అరువది గుణములు. తనకాళ్లమీద తాను నిలుచుట, నాయకత్వము, మహత్త్వాకాంక్ష మొదలైన యిరువదియు ఆ దేశపు జనులు పురుషునియందు మెచ్చునవి. సానుభూతి, మృదుత్వము, పసిబిడ్డలయెడ ప్రేమ మొదలైన యిరువదియు స్త్రీయందు మెచ్చునవి. తక్కిన యిరువదియు ఉభయసామాన్యములు. నన్ను ఆపి నిలిపిన విశేష మేమనగా, ఉల్లాసముగా కనబడుట స్త్రీల వరుసలో నుండగా, సంతోషముగా నుండుట సామాన్యపు వరుసలో నున్నది. అనగా అక్కడ స్త్రీ మొగమున చిరునవ్వు ఉండి తీరవలెను; ఆమె నిజముగా సంతోషించినను మానినను పట్టింపు లేదు. ఆ దేశమున ఆడది నవ్వవలెను, ఈ దేశమున ఆడది నవ్వరాదు. రెండును స్త్రీస్వభావమే యట! స్వభావమే యైనచో సముద్రము దాటగనే తలక్రిందు లగునా? ఆ రెండు వరుసల గుణములును తమలో గలవారు జీవితపు మలుపులకు తేలికగా సర్దుకొందురని ఆ విదుషి వాదించినది. పిమ్మట వచ్చిన పరిశోధకులు పలువురు, ఆత్మగౌరవమునకు పురుషగుణముల వరుసయే యెక్కువ తోడ్పడుచున్నదని ఆమెతో విభేదించినారు. తనకాళ్లమీద నిలిచినవానికే వెల కట్టు సమాజములో ఫలితము అట్లు వచ్చుటలో వింత లేదు.

దూరదేశము వరకు పోనక్కరలేదు. మన నల్లమలలోనే, అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ మసలి, 1943లో వారిని గూర్చి గ్రంథము వెలువరించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్, చెంచు భార్యాభర్తలు సరిసమానులైన తోడుగా బ్రదుకుదురనియు, పొసగనప్పుడు విడిపోవుట అక్కడ కష్టతరము కాదనియు వ్రాసినాడు. గడ్డలు త్రవ్వి తెచ్చు చేయి ఆమెదియు నగుటచే కాబోలు, ఇంటిలో మాటయు ఆమెది యైనది. చెంచులు మనకంటె సుఖులని నే ననను. ఆకలియు రోగమును వారిని వదలలేదు. అడవి అంచున మన పొరుగునే వేరొక తీరు నడచినదని చెప్పుటయే నా యుద్దేశము. మైదానపు మనమును పూర్తిగా బిగుసుకొనియుండలేదు లెండి. బతుకమ్మ నాళ్లలో వీథి నడుమ ఆడువారి నవ్వును అడ్డగించు నాయనమ్మ లేదు. ఎల్లమ్మ జాతరలో చీరకట్టి పసుపు పూసికొని పూనకముతో విలపించు శివసత్తి మగవాడైనను జనులు చేతులు జోడింతురు. ఏటికి కొన్ని దినములు ఇచ్చిన సెలవును తక్కిన దినములకును పొడిగింప రాదా?

పొడిగించుటకు చోటు కూడ సిద్ధముగా నున్నది. అయిదువేల యెకరముల కొకటి చొప్పున రాష్ట్రమంతట 2,601 రైతువేదికలు కట్టినారు. ఎరువులను, విత్తనములను గూర్చి యధికారులు చెప్పు మాటలు వినుటకు అక్కడ కుర్చీలు వేయుదురు. నెలకొకనాడు అధికారులను పంపించివేసి, స్త్రీల సంఘము నడచు పద్ధతినే, రైతులు తమ బాకీలను తమ నోటితో చెప్పుకొనునట్లు, వారి యిల్లాండ్రు ప్రక్కనే కూర్చుండి వినునట్లు ఏర్పాటు చేయవలెను. పాసుపుస్తకమున ఇద్దరి పేర్లును ఎక్కించు దరఖాస్తులు కూడ ఆనాడే అక్కడనే వ్రాయింపవలెను. మగవారు రారని, వచ్చినను నోరు విప్పరని కొందరందురు. మొదట మూడు నాలుగెకరముల కౌలుదారును లేపినచో విప్పకపోవచ్చును. పెద్ద కమతము గల ఆసామియే ముందు లేచి, తాను అడ్తిలో ఎంత తెచ్చినాడో, అందులో ఎంత యిల్లాలికి తెలియదో చెప్పవలెను. ఆయన తరువాత కౌలుదారు లేచుటకు అంత జంకడు.