కెర్నల్ నంబర్ అంటే మార్కులు కాదు బాస్!

మొన్న మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒక తమ్ముడు రెండు ఫోన్ల స్క్రీన్‌షాట్లు పెట్టాడు. ఒకదాంట్లో కెర్నల్ 5.10.200, ఇంకోదాంట్లో 5.15.41. "అన్నా, 5.10 అంటే పాత సరుకే కదా?" అని తేల్చేశాడు. అసలు లెక్క వేరే. 5.10.200 రిలీజ్ అయింది 2023లో, 5.15.41 వచ్చింది 2022లో. అంటే 'పాతది' అన్నదాంట్లోనే లేటెస్ట్ ఫిక్స్‌లు ఉన్నాయి.

మొదటి రెండు అంకెలు బ్రాంచ్ పేరు మాత్రమే. ఆ బ్రాంచ్‌లో ఎన్ని ఫిక్స్ రిలీజ్‌లు వచ్చాయో చెప్పేది మూడో నంబర్. మనం చూడాల్సింది దాన్నే. 2011లో లైనక్స్ 2.6.39 తర్వాత ఒకేసారి 3.0 అయింది. అదేమీ పెద్ద విప్లవం కాదు, నంబర్లు మరీ పెరిగిపోతున్నాయని మార్చారు, అంతే.

ఇంకో తిరకాసు ఉంది. ఈ నంబర్‌లో ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ ఉండదు. లైనక్స్ సోర్స్ కోడ్ అందరికీ ఒకటే కాబట్టి, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోనూ ఆర్మ్ ఫోన్‌లోనూ 6.1 అనే కనిపించొచ్చు. కానీ ఒకదానికి కంపైల్ చేసిన డ్రైవర్ రెండోదాంట్లో లోడ్ అవ్వదు. డెబియన్ లాంటివాళ్లు మాత్రం పేరు చివర 'ఏఎండీ64', 'ఆర్మ్64' అని తగిలిస్తారు. విండోస్‌లోనూ అంతే. 26100 అనే బిల్డ్ నంబర్ ఆర్మ్‌కీ ఇంటెల్‌కీ ఒకటే. అయినా 2024 జూన్‌లో ముందుగా స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లకు వచ్చింది, మిగతావాళ్లకు అక్టోబర్ దాకా ఆగాల్సొచ్చింది.

ఆర్కిటెక్చర్ ఒకటే అయినా ఒక్కోసారి దెబ్బ తప్పదు. నాకు తగిలింది. నా ఫోన్‌లో ఉన్నది 5.10, ఆండ్రాయిడ్12-9. నేను ఫ్లాష్ చేసింది కూడా 5.10నే, కానీ ఆండ్రాయిడ్13-4. ఆ చివరి భాగం కెర్నల్‌కీ డ్రైవర్ మాడ్యూల్స్‌కీ మధ్య ఉన్న ఒప్పందం. అది మ్యాచ్ కాలేదు. నేరుగా బూట్‌లూప్! చివరికి మొత్తం ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది, బ్యాకప్ లేని ఫొటోలన్నీ పోయాయి. తప్పు నాదే, రెండు అంకెలు చూసి ఆగిపోయా.

ఇంకా కొందరు '#1' చూసి "ఫస్ట్ బిల్డ్, బగ్స్ ఉంటాయేమో" అని భయపడతారు. అది ఆ బిల్డ్ ఫోల్డర్‌లో ఎన్నోసారి కంపైల్ చేశారో చెప్పే లెక్క. క్వాలిటీకీ దానికీ సంబంధం లేదు.

నా ఒపీనియన్ సింపుల్. స్పెక్ షీట్లలోనూ రివ్యూల్లోనూ 'కెర్నల్ 5.15' అని సగం రాసి వదిలేయకూడదు. పూర్తి నంబర్, ఆర్కిటెక్చర్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, మూడూ ఇవ్వాలి. మీరు కూడా ఒకసారి సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ ఓపెన్ చేసి, కెర్నల్ వెర్షన్‌ని చివరిదాకా చదవండి. ఫ్లాష్ బటన్ నొక్కేది ఆ తర్వాతే!