కానుక ప్రతులు చాలు, ఇక కొనండి

తెలుగులో ఇవాళ వెలువడే కథల సంపుటాలు, కవితా సంకలనాల్లో చాలా భాగం రచయిత సొంత డబ్బుతో అచ్చయినవే. అట్ట మీద ఏదో ప్రచురణ సంస్థ పేరున్నా, లోపలి పేజీలో ‘ప్రతులకు’ అన్నచోట కనిపించేది తరచుగా రచయిత ఇంటి చిరునామాయే. ఐదొందల ప్రతులు వేస్తారు. ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చాక వందతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. ఆవిష్కరణ సభలో కొన్ని అమ్ముడుపోతాయి, సమీక్షకులకూ మిత్రులకూ కొన్ని పోస్టులో వెళ్తాయి. దుకాణానికి ఇస్తే కమిషన్ పోగా రావలసింది ఎప్పుడొస్తుందో తెలియదు. మిగిలినవి అటకెక్కుతాయి. స్వీయ ప్రచురణను సాహిత్యం శివార్లలో సాగే వ్యవహారంగా చూడటం ఇతర భాషల్లో చెల్లుతుందేమో గానీ మన దగ్గర చెల్లదు. మనకు నడివీధి అదే. ఆ పుస్తకాలను పౌర గ్రంథాలయాలు ఎలా చూస్తున్నాయంటే, ఈనాటి తెలుగు సాహిత్యాన్ని అలా చూస్తున్నాయనే అర్థం.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? రచయిత తానే వెళ్లి రెండు ప్రతులు ఉచితంగా ఇస్తే పుచ్చుకుంటారు. గ్రంథాలయ వారోత్సవాల్లో అయితే శాలువా కప్పి మరీ పుచ్చుకుంటారు. ఈ పద్ధతి మానుకోవాలి. ఎంచుకున్న పుస్తకాన్ని గ్రంథాలయం డబ్బిచ్చి కొనాలి. ఊరికే వచ్చిన పుస్తకం స్టాకు రిజిస్టరులోకి ఎక్కిందో లేదో అడిగేవారుండరు. కొన్నదానికి బిల్లు ఉంటుంది, ఆడిట్ ఉంటుంది, అది అలమరాలోకి వచ్చిందా అని అడిగే హక్కు పాఠకుడికి ఉంటుంది. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చిపోతున్న రచయిత కూడా ఆ సెస్సు కడుతున్నవాడే.

చట్టం తీరు చూస్తే విడ్డూరం ఇంకా స్పష్టమవుతుంది. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాకూ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. స్వీయ ప్రచురణలో ప్రచురణకర్త రచయితే. శ్రీకాకుళంలో అచ్చయిన నవల నాలుగు మహానగరాలకు చేరాలన్న నియమం ఉంది గానీ శ్రీకాకుళం జిల్లా గ్రంథాలయంలో ఉండి తీరాలని ఈ చట్టం అడగదు. పుస్తకాల నమోదుకు ఆధారమైన 1867 నాటి చట్టం కూడా రద్దయింది. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం పత్రికలకే పరిమితం. జిల్లా గ్రంథాలయం కొని దాచకపోతే చిన్న ముద్రణల ఆనవాలు మరెక్కడ దొరుకుతుంది? 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనానికి పరిశోధకులు నేటికీ వెళ్తున్నారంటే, ఇతరులు పారేసిన పాత పత్రికలనూ పుస్తకాలనూ అది దాచింది కాబట్టే.

డబ్బుంటే ఎవరైనా పుస్తకం వేసుకోవచ్చు, గ్రంథాలయం చెత్త పోసుకునే చోటా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చదవలేనివి బోలెడు వస్తున్నాయి, అచ్చుతప్పుల సంగతి సరేసరి. అయితే రచయిత దగ్గరే ఖర్చు తీసుకుని తమ ముద్ర వేసే ప్రచురణ సంస్థలూ ఉన్నాయి. అట్ట మీది పేరు నాణ్యతకు హామీ కాదు. అందుకే అన్నీ కొనమనడం లేదు, ఎంచి కొనమంటున్నాం. గ్రంథపాలకుడు, ఇద్దరు అధ్యాపకులు, రోజూ గ్రంథాలయానికి వచ్చే ఇద్దరు పాఠకులు ఉన్న కమిటీ చాలు. దాన్ని ఏటా మార్చాలి. ఎంచుకున్నవాటి జాబితాను కారణాలతో సహా నోటీసు బోర్డులో పెట్టాలి.

పైరవీలు మొదలవుతాయన్న అనుమానం ఇంకా బలమైనది. కర్ణాటక ప్రభుత్వం ఒక్కో పుస్తకానికి 300 ప్రతుల చొప్పున టోకుగా కొనే పథకం నడిపింది. రచయితలకు అది ఆసరాయే. కానీ ఒకే ఆర్డరుతో ముద్రణ ఖర్చు వెనక్కి వచ్చేస్తుందంటే, పాఠకుడి కోసం కాక ఆర్డరు కోసమే పుస్తకం వేసేవాళ్లు తయారవుతారు. దీనికి విరుగుడు సంఖ్యను తగ్గించడమే. జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ పెద్ద శాఖలకూ ఒక్కొక్కటి చొప్పున పదో పదిహేనో ప్రతులు కొనాలి. ఏడాది తర్వాత ఎంతమంది ఇంటికి తీసుకెళ్లారో చూసి మళ్లీ కొనాలో వద్దో తేల్చుకోవాలి. పదిహేను ప్రతుల కోసం దళారీ తిరగడు. బ్రిటన్ ఇంతకన్నా చాలా ముందుకు వెళ్లింది. 1979 చట్టం ప్రకారం అక్కడ పుస్తకం పాఠకుడి చేతికి వెళ్లిన లెక్కను బట్టి రచయితకు పైకం అందుతుంది, సొంతంగా అచ్చు వేసుకున్నవారికి కూడా.

గ్రంథాలయాలు గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులతో కిటకిటలాడుతుంటే కవిత్వానికి డబ్బెక్కడిదని అడిగేవారున్నారు. ఆ అభ్యర్థుల పుస్తకాల్లో ఒక్కటీ తగ్గించనక్కర్లేదు. జనం దగ్గర పన్నుతో పాటు వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమ చెయ్యకుండా ఏళ్ల తరబడి వాడేసుకుంటున్నాయి. కొరత పుట్టింది అక్కడ. ఆ లోటును రచయిత ఉచిత ప్రతులతో పూడ్చుకోవడం అన్యాయం.

నవంబరు 14న వారోత్సవాలు మొదలయ్యేలోగా రెండు ప్రభుత్వాలూ పౌర గ్రంథాలయ శాఖల ద్వారా ఉత్తర్వులివ్వాలి. ప్రతి జిల్లా సంస్థ తన పుస్తకాల పద్దులో కొంత భాగాన్ని స్వీయ ప్రచురణలకు కేటాయించాలి. భారత ప్రభుత్వం ఉచితంగానే ఇచ్చే ఐఎస్‌బీఎన్‌కు దరఖాస్తు చేసుకోవడంలో సిబ్బంది రచయితకు సాయపడాలి. ప్యాకేజీల పేరుతో దానికీ వెల కట్టేవాళ్లున్నారు. బిల్లు అందిన 60 రోజుల్లో చెల్లింపు జరగాలన్న గడువును కూడా ఆ ఉత్తర్వులోనే రాయాలి. అది లేకపోతే దుకాణాల చుట్టూ తిరిగే రచయిత రేపు గ్రంథాలయ సంస్థ అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరగవలసి వస్తుంది.