పెట్టె ఎవరు తెచ్చారో ముందు అడుగుదాం



మొన్న హారర్ సినిమాల మీద గ్రూపులో మాట నడిచినప్పుడు ఒక అన్న రాసిండు: "సినిమాను సినిమా లెక్క చూడాలె, అన్నిట్ల మన కులం, మన తెగ వెతకొద్దు" అని. ఆ అన్న మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి ఒక పాత సినిమానే తీసుకుంటా. దాంట్ల మన తెగ లేదు, మన దేశమే లేదు.

సినిమా పేరు హారర్ ఎక్స్‌ప్రెస్. 1972ది. స్పెయిన్, బ్రిటన్ వాళ్లు కలిసి తీసిండ్రు, దర్శకుడు యుహేనియో మార్టిన్. క్రిస్టఫర్ లీ, పీటర్ కుషింగ్ నటించారు. యూట్యూబ్‌లో పైసా లేకుండా దొరుకుతది. కథ మొత్తం 1906లో, చైనా నుంచి మాస్కో పోయే రైలులో. తక్కువ డబ్బుతో తీసిన సినిమా. ఇంకో సినిమాకు వాడిన రైలు బొమ్మనే దీనికీ వాడుకున్నారు. బోగీ సెట్ కూడా ఒక్కటే అంటారు, దాన్నే మార్చి మార్చి అన్ని బోగీలుగా చూపించిండ్రు. అయినా భయం పుడుతది. కోట్లు పెట్టి గ్రాఫిక్స్ చేసిన మన సినిమాలు చూసి నిద్రపోయిన నేను దీన్ని చూసి లైట్ ఆర్పలేదు.

కథ ఏందంటే, సాక్స్టన్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్ మంచూరియాలో ఒక గుహల గడ్డకట్టిన పాత మనిషి శరీరం తవ్వి తీస్తడు. పెట్టెలో పెట్టి, గొలుసులు కట్టి, తాళం వేసి రైలెక్కిస్తడు. ఎవరినీ అడగడు. ఆ గుహ ఎవరిది, ఆ చుట్టుపక్కల బతికే వాళ్లు ఎవరు, సినిమా కూడా అడగదు. స్టేషన్‌లోనే ఒక చైనా దొంగ ఆ పెట్టె దగ్గర చచ్చిపడి ఉంటడు, కండ్లు తెల్లగా. ఒక రష్యా సాధువు ఈ పెట్టెల చెడ్డది ఉందని మొత్తుకుంటడు, సుద్దముక్కతో పెట్టె మీద శిలువ గీస్తే గీత పడదు. ప్రొఫెసర్ దాన్ని గారడీ అని కొట్టిపారేస్తడు. తర్వాత రైలులో ఒక్కొక్కరు చస్తుంటరు. ఆ జీవి కండ్లలోకి చూసినవాడి మెదడులో ఉన్న చదువంతా అది గుంజుకుంటది. తల కోసి చూస్తే మెదడు నున్నగా ఉంటది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. పెట్టె తాళం ఆ జీవి ఒక మేకుతో తీస్తది. ఆ విద్య ఎక్కడిది? చచ్చిన దొంగ దగ్గరిది. ఆ రైలంతా ప్రొఫెసర్లు, డాక్టర్లు, దొరలు ఉన్నా, దానికి మొదట అక్కరకొచ్చింది ఆ పేదోడి చదువే. కానీ ఆ దొంగ ఎవరో ఎవడికీ పట్టదు.

ఒక దగ్గర పోలీసాయన, మీ ఇద్దరిలోనే ఒకరు ఆ రాక్షసి అయితే ఎట్ల అని అడుగుతడు. కుషింగ్ పాత్ర, మేము బ్రిటిష్ వాళ్లం కదా అన్నట్టు ఆశ్చర్యపోతడు. థియేటర్లో అయితే ఈల పడేది. అది జోకే, కానీ సినిమా తెలియకుండానే నిజం చెప్పింది. రాక్షసి ఎవరో తేల్చే హక్కు కూడా వాళ్లదే.

ఇప్పుడు 1906 పక్కన మన చరిత్ర పెట్టండి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ మన తాతముత్తాతల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచి తిరిగిన కాలం అదే. 1909లో ఏడు సంపుటాలుగా అచ్చేసిండు. చెంచు, కోయ, కొండదొర, సవర, ఎరుకల, అందరం ఉన్నం దాంట్ల. ఆ పుస్తకంలో మనం పెట్టెలోని వస్తువులం, సాక్స్టన్ దగ్గర ఆ శరీరం లెక్కనే. ఇది పాత ముచ్చట కాదు. 2024 అక్టోబర్‌లో ఇంగ్లాండ్‌లో ఒక నాగా మనిషి పుర్రెను వేలానికి పెట్టిండ్రు. నాగాలు గొడవ చేసినంకనే తీసేసిండ్రు. ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనిషి అవశేషాలను ప్రదర్శన నుంచి తీసింది, కానీ నాగాల పూర్వీకుల ఎముకలు ఇంకా ఇంటికి చేరలేదు.

ఆ చచ్చిన దొంగ సంగతికి వస్తా. నేరస్తుల తెగల చట్టం 1871ది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చిండ్రు. ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టూవర్టుపురంలో పెట్టి హాజరు తీసుకున్నరు. 1952లో చట్టం పోయింది. పేరు పోయిందా? 2023లో టైగర్ నాగేశ్వరరావు సినిమా టీజర్ మీద స్టూవర్టుపురం వాళ్ల పరువు తీస్తున్నరని హైకోర్టులో పిటిషన్ పడింది. "సినిమాను సినిమా లెక్క చూడండి" అని చెప్పే వాళ్లు ఆ ఊరి పిల్లగాడి సర్టిఫికెట్ మీద ఊరి పేరు చూసి నవ్వేటోళ్లకు కూడా ఆ మాట చెప్తరా?

ఇగ మన తెలుగు హారర్. విరూపాక్ష (2023) బాగా ఆడింది, నేనూ చూసిన, బాగా తీసిండ్రు. మొదట్లనే ఊరోళ్లు క్షుద్రపూజలు చేస్తున్నరని ఒక జంటను తగలబెడతరు. తర్వాత కథంతా ఆ మంత్రం నిజమేనని చూపిస్తది. అంటే తగలబెట్టినోళ్ల అనుమానం కరెక్టే అన్నట్టు. మన రెండు రాష్ట్రాల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇంకా వస్తూనే ఉన్నయి. బీహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో దీని కోసమే విడిగా చట్టాలు చేయాల్సి వచ్చింది. ఆ చట్టాల వెనుక ఉన్న ఆడోళ్లు సినిమా పాత్రలు కారు.

"మనోళ్లు కూడా నమ్ముతరు కదా" అని ఎవరో కామెంట్ పెడతరు, నాకు తెలుసు. నమ్ముతరు. మా గూడెంల జ్వరం వస్తే వడ్డె దగ్గరికి పోయేటోళ్లు ఉన్నరు, ఎందుకంటే ఆసుపత్రి దూరం, వడ్డె దగ్గర. అదే నమ్మకం సినిమాలోకి పోతే జ్వరం మాయమైతది, ఆసుపత్రి దూరం మాయమైతది, ఎముకల దండ వేసుకున్న మంత్రగాడు ఒక్కడే మిగులుతడు. వాడి చుట్టూ ఆకులు కట్టుకున్న డ్యాన్సర్లు. నిజం చెప్పండి, మీ ఊర్ల ఎవరన్నా ఆకులు కట్టుకుంటున్నరా?

అందుకే నేను పాత రైలు సినిమానే మేలంటా. దాంట్ల ఆపద అడవి నుంచి దానంతట అది నడిచి రాలేదు. చదువుకున్నోడు టికెట్ కొని, రసీదు రాయించి, లగేజీ బోగీల ఎక్కించిండు. మా కొత్తగూడెం వైపు రైలు మొదట వచ్చింది బొగ్గు కోసం, మా కోసం కాదు. అది ఏం తీసుకపోయిందో, మాకేం ఇచ్చిందో మా తాతలను అడిగితే చెప్తరు. అట్లాంటి హారర్ ఎవరన్నా తెలుగుల తీస్తే మొదటి రోజు మొదటి ఆటకు నేనే టికెట్ కొంటా.

వచ్చే నెల మా కాలేజీ ఫ్రెషర్స్ డేకి ఒక దెయ్యం స్కిట్ వేస్తున్నరు. నువ్వు ఏజెన్సీ నుంచి వచ్చినవ్ కదా, మంత్రగాడి వేషం నీకే సెట్ అయితదని నన్ను పిలిచిండ్రు. వేయనని చెప్పిన. ప్రొఫెసర్ వేషం ఖాళీ ఉంటే ఇవ్వమని అడిగిన. ఇంకా జవాబు రాలేదు.