బ్రెస్ట్ క్యాన్సర్ చంకలోకి పాకితే అంతా అయిపోయినట్టేనా? జీన్స్ ఏం చెబుతున్నాయంటే..

'లింఫ్ నోడ్ పాజిటివ్'.. బ్రెస్ట్ క్యాన్సర్ రిపోర్టులో ఈ మాట చూడగానే ఇంట్లోవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. చంకలోకి వచ్చిందంటే ఇక ఒళ్లంతా పాకినట్టేనని భయం. నిజం మాత్రం అంత సింపుల్ కాదు.

కణాలకూ వంశవృక్షం

చంకలో 'బిళ్ల కట్టింది' అంటాం కదా, అవే లింఫ్ గ్రంథులు. రొమ్ములోంచి బయటపడ్డ క్యాన్సర్ కణాలు సాధారణంగా ముందు చేరేది ఇక్కడికే. క్యాన్సర్ కణం విడిపోయే కొద్దీ దాని డీఎన్ఏలో కొత్త మార్పులు చేరుతుంటాయి. వాటిని పోల్చి చూస్తే ఏ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు 20 మంది పేషెంట్లలో ఇదే చేశారు. 2018లో వచ్చిన ఆ రిజల్ట్ ఆశ్చర్యపరిచింది. వేరే అవయవాలకు పాకిన క్యాన్సర్ చాలావరకు చంక గ్రంథుల నుంచి కాదు, రొమ్ములోని గడ్డ నుంచే వెళ్లింది!

అయితే అదే ఏడాది 'సైన్స్' జర్నల్‌లో వచ్చిన రెండు స్టడీలు మరో మాట చెప్పాయి. ఎలుకల్లో లింఫ్ గ్రంథిలోని కణాలు అక్కడి రక్తనాళాల్లోకి దూరి ఊపిరితిత్తులకు చేరాయి. అంటే ఆ దారి కూడా ఉంది. కానీ అదొక్కటే దారి కాదు.

పేషెంట్‌కి ఏంటి లాభం?

గ్రంథులన్నీ తీసేస్తే చెయ్యి వాచిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో జరిగిన జెడ్-0011 ట్రయల్‌లో రొమ్ము తీయకుండా గడ్డ మాత్రమే తీసి, రేడియేషన్ ఇచ్చిన మహిళలను చూశారు. చంకలో మొదట పరీక్షించే గ్రంథుల్లో ఒకటి రెండింటికే క్యాన్సర్ ఉన్నవాళ్లు వీళ్లు. మిగతా గ్రంథులు తీయనివాళ్లలో పదేళ్ల తర్వాత 86 శాతం మంది బతికున్నారు. తీసినవాళ్లలో 84 శాతం. అంటే తీయకపోవడం వల్ల నష్టం జరగలేదు.

అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. ఎన్ని గ్రంథులకు పాకిందన్నదాన్ని బట్టే స్టేజ్, ట్రీట్‌మెంట్ మారతాయి. ఎక్కువ గ్రంథులకు పాకితే రిస్క్ కూడా ఎక్కువే.

ఇవి అడగండి

* నాకు గ్రంథులన్నీ తీయాల్సిందేనా?
* క్యాన్సర్ మళ్లీ వస్తే, అక్కడి నుంచి కొత్తగా బయాప్సీ చేస్తారా? కణాలు మారి ఉంటే హార్మోన్, హెర్-2 రిపోర్టులు మారొచ్చు. అప్పుడు మందూ మారుతుంది.

పాత రిపోర్టులన్నీ ఫైల్లో భద్రంగా ఉంచుకోండి.